గంగమ్మ పాలు

నాన్నా,

మా బోటు మోటారు పాడైందని విని బెంగపడకు, బాగుచేసేశాం. గేరుపెట్టె నట్టు విప్పితే నూనె పాలలా తెల్లగా కారింది. మొన్ననే సముద్రానికి పాలు పోసొచ్చిన మా అత్త "గంగమ్మతల్లి పాలిచ్చినాదే!" అని మోటారుకు బొట్టు పెట్టేసింది. అది నూనెలో కలిసిన ఉప్పునీరని చెబుదామంటే నాకూ నీ అల్లుడికీ నవ్వు ఆగితేనా! నువ్వు చేసినట్టే సైకిల్ పంపుతో గేరుపెట్టెలోకి గాలికొట్టి టబ్బునీళ్లలో ముంచాం. బోటును నడిపే ఫ్యాను వెనక బుడగలొచ్చాయి. వల దారం చుట్టుకుని నీళ్లు లోపలికి పోకుండా ఆపే అక్కడి రబ్బరు సీలును కోసేసింది. కొత్తది వేశాం. నిన్న వేటకెళ్లొచ్చాక చూస్తే నూనె తెల్లబడకుండా ఆముదంలా ఉంది.

సీలు ఇంకోటి పంపు. అమ్మ మోకాలు ఎలా ఉంది? మన మేక ఈనిందా?

అత్త మీకు దండాలు చెప్పమంది. మోటారు వైపు చూసి "పాలెండిపోనాయేటే?" అని ఇంకా దిగులుపడుతోంది.

నీ నూకరత్నం