బుజ్జిదాని బొడ్డు ఇంకా తడిగానే ఉంది

ఇంట్లో ఉన్నోళ్ళందరూ గోల ఆపి ఇలా రండి. లతమ్మా, ఈ చీటీ నువ్వు పైకి చదువు.

బుజ్జిదాని బొడ్డు చుట్టూ ఎర్రగా కందింది, వాసనొస్తంది. నర్సమ్మగారిని తీసుకురావడానికి ముక్తేశ్వరం వెళ్తన్నాను. ఆముదం, పసుపు ఎవరు చెప్పినా రాయకు. గుడ్డ బొడ్డుకి తగలకుండా కిందకి మడిచి కట్టు. బొడ్డు వేలాడతందని లాగకు. ఒళ్ళు వేడెక్కినా, పాలు తాగకపోయినా నాకోసం చూడకుండా ఆటోలో పెద్దాసుపత్రికి పోండి.

లతమ్మా, నువ్వు పుట్టినప్పుడు నీ బొడ్డు ఊడిన చప్పుడుకి గోదాట్లో పడవలు ఆగిపోయాయని అందరికీ చెప్తానా, ఇయ్యాళ అలాంటి గొప్పల కోత ఒక్కటి కొయ్యడానికి నోరు రావట్లేదే అమ్మకి.

అన్నట్టు, కొబ్బరికాయల బుచ్చిరాజుగారు అరుగు మీదున్నారు, లోపలికి రానివ్వకు. “ముచ్చిక ఊడిన కాయ కుళ్ళిపోద్దండి, ఆ బొడ్డు ఊడకుండా కాస్త లక్క పెట్టేద్దాం, ఆయ్!” అంటన్నారు.