ముగేర్వా కట్టిన స్నానాల దిమ్మె

మామయ్యా,

నువ్వు పంపిన టైల్స్ మేస్త్రీ ముగేర్వా మన బాత్రూమ్ పని ముగించాడు. "అతని పని మీద ఇంతవరకు ఒక్కరూ నోరెత్తలేదు" అన్నావు చూడు, అది నిజమే. ఎలా ఎత్తుతారు? మసాకా చుట్టుపక్కల అతను టైల్స్ వేసినవన్నీ సమాధులేనట!

పాత గచ్చు మీద అమ్మమ్మ జారిపడింది కదా, కూర్చుని స్నానం చెయ్యడానికి ఒక దిమ్మె కట్టమన్నాను. మనిషి పొడవున కట్టాడు. తల వైపు కాస్త ఎత్తు, ఆ పైన గోడకు నీలం టైల్స్‌తో సిలువ.

"ఇదేంటయ్యా?" అన్నాను.

"అలవాటైన చెయ్యి కదమ్మా. పేరు చెక్కలేదు, సంతోషించు" అన్నాడు.

పగలగొట్టిద్దామంటే మీ అమ్మ ఒప్పుకుంటేనా! దాని మీద వెల్లకిలా పడుకుని, "చల్లగా, హాయిగా ఉందే! అందరికీ పోయాక కడతారు, నాకు బతికుండగానే కట్టారు" అంది. ఇప్పుడు రోజూ పడుకునే స్నానం. ఆవిడ మీద చెంబులతో నీళ్లు పోస్తుంటే నాకు ఏడుపొస్తుంది, ఆవిడేమో పకపకా నవ్వుతుంది.

నిన్న సామాను తీసుకెళ్లడానికి వచ్చిన ముగేర్వాతో, "నిన్ను పంపిన నా కొడుక్కీ ఒకటి కట్టు. వాడు నాకంటే పొడుగు, టైల్స్ ఎక్కువే తెచ్చుకో" అంది.

ఆదివారం కొలతలకు రా.

నీ మేనకోడలు