నల్లకాగితంలో పసుపు గీత

మహారాజశ్రీ తాతయ్యగారికి,

మీ మొండితనానికి వారసురాలైన మనవరాలు నమస్కరించి రాయునది.

చూపు మందగిస్తోంది, ఆకుకూరలు తినమని కళ్ల డాక్టరు చెబితే, "ఆ గడ్డిలో కళ్లకు మంచిచేసే పసుపురంగు ఉందా? చూపించు, తింటాను" అని అందరి ముందూ శపథం చేశారు కదా! చూపిస్తున్నాను.

కాలేజీ ల్యాబులో పాలకూర నూరి, అసిటోన్ పోసి రంగు దింపాను. సీసా ముచ్చటగా ఉందని కిటికీలో పెట్టాను. వెలుతురు తగిలి రంగు కాస్తా పోయింది. రంగు ఎంతుందో యంత్రంలో పెట్టి కొలిస్తే దాదాపు సున్నా. "ఎండలో ఆరేయడానికి అదేమన్నా చొక్కానా తల్లీ?" అన్నారు మా మేడమ్. ఈసారి కొత్తగా రసం తీసి, సీసాకి నల్లకాగితం చుట్టాను. అంకె నిండుగా వచ్చింది.

ఆ రసం చుక్కను కాగితం మీద పాకిస్తే, ఆకుపచ్చ కింద ఆగిపోయింది, పసుపు పైకెక్కింది. ఆ కాగితమే నల్లకాగితంలో చుట్టి పంపుతున్నాను. నల్లకాగితం విప్పగానే చూడండి, ఆలస్యమైతే వెలిసిపోతుంది. నానమ్మని అడగకుండా మీ కళ్లతో మీరే చూడాలి.

పసుపు గీత కనిపిస్తే పందెం ఓడిపోయారు, రోజూ ఒకపూట ఆకుకూర తినాలి.

కనిపించకపోతే మాత్రం, తాతయ్యా, దయచేసి రెండు పూటలా తినండి.

ఇట్లు,
మీ గడ్డి డాక్టరు