మీటరు మూతలో నీళ్లు

అక్కా,

నా కోడికెలుకుడు రాతకూ, అక్షరాల తప్పులకూ ఏమీ అనుకోకు.

మట్టి లేకుండా గొట్టాల నీళ్లలో మేము పెంచే ఆకుకూర పండుబారిపోతోంది. నీళ్ల పులుపు కొలిచే మీటరును పోయిన వారం నేనే శుభ్రం చేశాను. మూతలో ఉన్నవి మురికినీళ్లనుకుని పారబోశాను. దాని మొనను పొడిగుడ్డతో తుడిచి పెట్టెలో సర్దాను. ఆ మొన ఎప్పుడూ తడిగా ఉండాలట. పెట్టెలోని కాగితాన్ని కూడబలుక్కుని నిన్ననే చదివాను. ఎండిన మీటరు పులుపు చాలదని తప్పు చూపిస్తుంటే, మీ మరిది దాన్నే నమ్మి రోజూ యాసిడ్ పోస్తున్నారు. వేళ్లు నల్లబడుతున్నాయి.

నింద మాత్రం ఎరువునీళ్లు కలిపే పెద్దాయన మీద పడింది.

"కొలత చూడకుండా గుమ్మరిస్తున్నావా తాతా? ఈ పూటతో నీ పని సరి!" అన్నారు ఈయన.

"నా చేతిని కాదు బాబూ, నీ మీటరు పెట్టెను దబాయించు" అన్నాడాయన.

ఈయనకు చెబుదామని మూడుసార్లు వెళ్లి, "మంచినీళ్లు కావాలా?" అని అడిగి వచ్చేశాను. ఒకసారి రాస్తే నోరు పెగులుతుందని నీకు రాశాను. పెద్దాయన సంచి సర్దుకుంటున్నాడు. నేను షెడ్డులో ఉన్న ఈయన దగ్గరికి వెళ్తున్నాను.

చదవగానే ఈ ఉత్తరం కాల్చెయ్యి. ఇది మీ మరిది నా నోటి నుంచే వినాలి.

నీ చెల్లి