లావు తీగ మీద చెయ్యి

భద్రాచలం
22 జులై 1991

తమ్ముడు మంగీలాల్‌కు,

నీ సీతన్న ప్రేమతో రాస్తున్న ఉత్తరం. నీ ఉత్తరం చేరింది. ఇన్నేళ్లకు నీ పేరు చూసి సంబరంగా చదవడం మొదలుపెట్టాను. మూడో వాక్యం మళ్లీ మళ్లీ చదివాను. చేతిరాత మీ తండా బడి పంతులుది, మాటలు మాత్రం నీవే. "శ్రావణంల మా తీజ్ పండుగ నాడు నీ బేస్ గిటారు, దాని పాత డబ్బా పట్టుకొని రావాలె. ఆ రోజు ఎట్లుండెనో అట్లనే ఉండాలె, ఒక్క మర గూడ మార్చొద్దు. తండ అంత చూస్తుండంగ ఒక చేత్తోని మైకు పట్టుకొని, ఇంకో చెయ్యి ఆ లావు తీగ మీద పెడత" అని రాయించావు.

పద్దెనిమిదేళ్ల కింద నేలకొండపల్లి పెళ్లిలో ఆ తీగ ముట్టుకున్నందుకే నువ్వు పడిపోయావు. కళ్లు తెరిచి, మీ తండా దేవత మేరామ తల్లి నీ చెయ్యి పట్టుకుని తాగుడు మానమందని చెప్పావు. ఆ రోజు నుంచి చుక్క ముట్టలేదు, మన ఆర్కెస్ట్రాలో పాడడమూ మానేశావు. ఇప్పుడు ఆ తల్లి మహిమను తండాకంతటికీ చూపిస్తానంటున్నావు.

తమ్ముడూ, నేను రాలేను. గిటారు ముసలిదైపోయింది. అసలు డోర్నకల్ రైల్వే గార్డు దొర దగ్గర కొన్నప్పుడే అది పాతది. ఆ దొర సంగతి నీకు చెప్పానా? పగలంతా రైలుకు పచ్చజెండా ఊపి, అదే చేత్తో సాయంత్రం చర్చిలో ఈ గిటారు వాయించేవాడు. ఆస్ట్రేలియా పోతూ, కుక్కను తీసుకుపోవాలా, గిటారునా అని వారం రోజులు ఆలోచించి కుక్కకే ఓటేశాడు. మెడ విప్పితే లోపల పెన్సిలుతో 1962 అని రాసి ఉంటుంది. ఎవరు రాశారో, ఏ దేశంలో రాశారో గాని, గుండ్రటి చేతిరాత.

వానాకాలం గోదావరి గాలికి ఆ మెడ చెక్క ఉబ్బి విల్లులా వంగుతుంది. లోపలున్న ఇనుపకడ్డీని పావు చుట్టు బిగించాలి, అరచుట్టు తిప్పితే చెక్క చీలుతుంది. తీగలు మన దగ్గర దొరకవు. ఉన్నవాటినే విప్పి, సోడా వేసిన నీళ్లలో ఉడకబెట్టి, తుడిచి, ఎండలో ఆరబెట్టి మళ్లీ కడతాను. మొన్న మీ వదిన ముత్తక్క పొయ్యి దగ్గరకు వచ్చి గిన్నెలోకి తొంగిచూసింది. "ఏందయ్యా, ఇయ్యాల తీగల పులుసా? ఉప్పు నువ్వేసినవా, నేనెయ్యాల్నా?" అంది. ఎనభయ్యారు వరదలో ఇల్లు విడిచిపెట్టి గుట్ట ఎక్కినప్పుడు ఆమె బియ్యం మూట ఎత్తుకుంది, నేను దీన్ని ఎత్తుకున్నాను. ఆ మాట ఇప్పటికీ వారానికొకసారి వింటాను. వాయించని గిటారుకు ఇన్ని సేవలెందుకో ఆమెకు అర్థం కాదు. చెప్పే ధైర్యం నాకు లేదు.

ఇంతకూ మెడ వంగింది. తీగలు మొద్దుబారాయి. డబ్బా, అదే ఆంప్లిఫయర్, మూలుగుతుందే తప్ప పలకదు. నన్ను ఈ పండక్కి వదిలెయ్యి. ఆ తీగ ముట్టుకోవాలన్న ఆలోచనా వదిలెయ్యి. దండం పెట్టి అడుగుతున్నాను.

నీ అన్న,
సీతయ్య


భద్రాచలం
5 ఆగస్టు 1991

మంగీలాల్,

నీ కార్డు అందింది. "మెడ వంగితే వంగనీ. జీపు పంపుతున్నం." అంతే. కింద మీ తండా పెద్ద రెడ్యా నాయక్ సంతకం. ఇక దాచి లాభం లేదు. పోయిన ఉత్తరంలో రాసినవి సాకులు. మెడ తిన్నగా ఉంది. తీగలు మెరుస్తున్నాయి. డబ్బా పలుకుతుంది. నా భయం వేరు.

ఆ పెళ్లి గుర్తు తెచ్చుకో. మధ్యాహ్నం. పొద్దున కురిసిన వానకు పందిరి కింద నేలంతా తడి. నువ్వు అప్పటికే పెళ్లివారు నొచ్చుకుంటారని ఒక సీసా దించి వచ్చావు. పాట చివర నువ్వొక తమాషా చేసేవాడివి కదా, మైకు ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి చాచి నా గిటారు లావు తీగను లాగి వదిలేవాడివి. ధుమ్మని మోగేది. జనం ఈలలు వేసేవారు. ఆ ఈలల్లో సగం నావేనని నేను అనుకునేవాడిని.

ఆ రోజు డబ్బాలోంచి గుయ్యిమని ఒకటే మోత. నా డబ్బా ఎర్తు, మైకుసెట్టు ఎర్తు కలిస్తే అట్లా వస్తుంది. పెళ్లిపెద్ద వచ్చి "ఏందయ్యా ఆ జోరీగ మోత? పాడనీకె వచ్చిండ్రా, ఈగలు దోలనీకె వచ్చిండ్రా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు రోషం పొడుచుకొచ్చింది. బడికి పోకపోయినా పాత పుస్తకాలు చదివి రేడియోలు బాగుచేయడం నేర్చుకున్నవాడిని, నాకు తెలియనిదేముంది అనుకున్నాను. ప్లగ్గు మూత విప్పి, లావు పిన్నుకు పోయే ఎర్తు వైరు పీకేశాను. మోత ఆగింది. "శెభాష్" అన్నాడాయన. ఆ ఒక్క శెభాష్‌కు పొంగిపోయాను తమ్ముడూ.

డబ్బాలో కరెంటు కాస్త జారితే దాన్ని భూమిలోకి తీసుకుపోయే దారి ఎర్తు. ఆ దారి నేను మూసేశాను. జారిన కరెంటు గిటారు తీగల్లోకి వచ్చి కూర్చుంది. నేను పొడి బల్ల మీద, రబ్బరు చెప్పులతో ఉన్నాను. వేళ్లకు చీమలు పాకినట్టయింది, అంతే. నువ్వు తడి నేల మీద నిలబడి, ఎర్తుకు కలిసి ఉన్న మైకునూ తీగనూ ఒకేసారి పట్టుకున్నావు. కరెంటుకు నువ్వే దారివయ్యావు. నీ చెయ్యి తీగకు అతుక్కుపోయింది. నోరు తెరిచే ఉంది, పాట రావడం లేదు.

నేను ఉరికి ప్లగ్గు పీకాను. నువ్వు పడ్డావు. అందరూ నీ దగ్గరకు పరుగెత్తారు, నేను రాలేదు. ఊడదీసిన వైరు ఎవరి కంట పడుతుందోనని ప్లగ్గుకు చేతిరుమాలు చుడుతూ కూర్చున్నాను. నువ్వు బతికావో లేదో చూడకముందే ప్లగ్గు దాచినవాడిని నేను. తరువాత నువ్వు మేరామ అమ్మ పేరు చెప్పావు, అందరూ దండం పెట్టారు. నేనూ పెట్టాను.

ఆ తరువాత నేనూ వాయించలేదు. వైరు కలపనూ లేదు, గిటారు అమ్మనూ లేదు. ఇంకొకరి చేతికి పోతే ఇంకొకరు పడతారని భయం. అందుకే తుడుస్తాను, ఉడకబెడతాను, నూనె రాస్తాను, మళ్లీ పెట్టెలో పెడతాను.

ఇప్పుడు వైరు కలిపి తెస్తే నీకేమీ తగలదు. తండా అంతా నిన్ను అబద్ధాలకోరు అంటుంది. కలపకుండా తెస్తే, ఆ శ్రావణపు తడి నేల మీద, యాభై దాటిన నీ గుండె ఆగుతుంది. రెండు రోజులుగా ఆ ప్లగ్గు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. వీధిలో అడవి శాఖ జీపు పోయినా మీ జీపే అనుకుని లేచి తలుపు చాటుకు పోతున్నాను. ముత్తక్క చూసి "ఎవల్నన్న సంపినవా ఏంది?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నీకు నమ్మకమైనవాళ్లతోనే ఈ ఉత్తరం చదివించుకో. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు.

తప్పు చేసినవాడు,
సీతయ్య


కుసుమంచి దగ్గరి తండా
12 ఆగస్టు 1991

సీతన్నకు,

తమ్ముడు మంగీలాల్ దండాలు. ఈసారి పంతులు లేడు, నా చేత్తోనే రాస్తున్న. తప్పులుంటె నవ్వకు. ఈ ఏడు మా తండల పెద్దోళ్లకు బడి పెట్టిండ్రు. నేను, ద్వాలి ఒక్క బల్ల మీద కూసొని నేర్చినం. నీ మరదలు నా కంటె జల్దీ నేర్చింది. నీ ఉత్తరం ముందు ఆమెనే చదివి, "పాపం, నీ అన్న ఒక్కడే మోసిండు అనుకుంటుండు. నువ్వు గూడ మోసినవని చెప్పు" అన్నది.

అన్నా, నాకు ఎరికే. ఆ రోజే ఎరికైంది. కండ్లు తెరిచేసరికి అందరు నా మొఖం మీద నీళ్లు చల్లుతున్నరు. నువ్వొక్కనివి దూరంగ కూసొని ప్లగ్గుకు దస్తీ సుడుతున్నవ్. నాకు కోపం రాలె. నువ్వు ప్లగ్గు పీకకుంటె నా చెయ్యి తీగ నుంచి ఊడేదా? దాసిన సంగతి ఇన్నేండ్లు యాదికి పెట్టుకున్నవ్, పీకిన సంగతి మర్చినవ్.

మరి అమ్మ పేరు ఎందుకు చెప్పినవ్ అంటవా? ఆ రోజు నాకు సావు భయం పట్టింది. తాగుడు మానాలె అనుకున్న. మా దిక్కు పెండ్లికి పోయి సారా వద్దంటె ఆ ఇంటోళ్ల మొఖం మీద కొట్టినట్టే. తాగనంటె తిడతరు. అమ్మ వద్దన్నదంటె దండం పెడతరు. నోటికొచ్చిన ఒక్క మాట ఇంత దూరం నడిచింది. నన్ను చూసి ఇంక తొమ్మిది మంది మానిండ్రు. ఆళ్ల పెండ్లాలు వచ్చి నాకు మొక్కుతుంటె ఎటు చూడాల్నో తెల్వది.

ఇప్పుడు రెడ్యా నాయక్ తమ్ముడు జైరాం నా మీదికి మోపైండు. "అమ్మ లేదు, గిమ్మ లేదు, తాగి పడ్డడు. దమ్ముంటె మళ్ల ఆ తీగ పట్టుమను" అన్నడు. పంచాయితి కూసున్నది. ఆళ్లందరి ముందటనే పంతులు ఆ ఉత్తరం రాసిండు. ఒక్క మర మార్చొద్దన్నది జైరాం మాట. ఆళ్ల ముందట వైరు సంగతి ఎట్ల చెప్పాలె? నిద్ర లేదన్నా. మెడ వంగిందని నువ్వు రాస్తె, ఆ మెడకు దండం పెట్టిన. నాయక్ ఇనలె, కార్డు రాయించిండు.

గిప్పుడు ఇను. వైరు కలిపి తీసుకరా. కొత్త ప్లగ్గు వద్దు, జైరాం పట్టి చూస్తడు. పాతదాన్ల లోపటనే కలుపు. మా అల్లుడు లాలు కరెంటు లైన్‌మన్, టెస్టరు పెట్టి చూస్తడు. తర్వాత ఎవరు లేనప్పుడు ఒక చేతిల మైకు, ఒక చేతిల తీగ ముందు నువ్వు పట్టు. నీకు ఏం గాకుంటె నేను పట్టుకుంట.

పండుగనాడు నాకు ఏం గాదు. జైరాం నవ్వుతడు. అప్పుడు మైకులనే చెప్త. "ఆనాడు తాగి ముట్టిన, కొట్టింది. ఇయ్యాల తాగక ముట్టిన, కొట్టలె. నమ్మకం లేకుంటె జైరాం, నువ్వు తాగొచ్చి ముట్టు."

వాడు ముట్టడు. వాని సంగతి నాకు ఎరికే.

ఒక్కటే మాట అన్నా. వైరు కలిపితె డబ్బా మళ్ల గుయ్యిమంటది. ఎవలు నవ్వినా, ఎవలు తిట్టినా పీకకు. గుయ్యిమననీ. ఆ మోత ఇనపడితేనే నా చెయ్యి ముందుకు పోతది.

నీ తమ్ముడు,
మంగీలాల్