బడి కమిటీ రిజిస్టరులో నీ సంతకం

అక్కా,

నేను ఎల్లారెడ్డికి వస్తూపోతూ ఉంటే, దుబాయిలో ఉన్న బావను చేసుకోవడానికి ఒప్పుకున్నానని మన అవ్వ అనుకుంటోంది. "అక్క బిడ్డకు నువ్వే తల్లివైతే మంచిదే గదనే" అంటుంది. నేను వచ్చేది నాలుగో తరగతి చదివే నీ లత కోసం.

ఇవాళ బడి కమిటీ మీటింగు. నువ్వు పోయి ఏడాదైనా నీ కుర్చీ ఖాళీగానే ఉంది. అందులో కూర్చున్నాను. తండ్రులంతా గల్ఫులో ఉన్నారు. తల్లులు చదవకుండానే రిజిస్టరులో సంతకాలు పెడుతున్నారు. నేను పాత పేజీలు తిప్పాను. వంటగదికి కొత్త రేకులు వేయించామని రాసి ఉంది, కింద నీ సంతకం. బయట వాన; పాత రేకులు కారుతుంటే వంటామె అన్నం వండిన గంజు మీద గొడుగు పట్టుకుని వడ్డిస్తోంది.

"జర వచ్చి ఏం రాసిన్రో సదివి చెప్పవే" అని ఆ సంతకం పెట్టే ముందు నువ్వు నాకు రెండుసార్లు ఫోన్ చేశావు. పరీక్షలున్నాయని చెప్పి కామారెడ్డిలోనే ఉండిపోయాను. అప్పుడు పరీక్షలేం లేవు.

"కమిటీల తల్లిదండ్రులన్న ఉండాలె, సంరక్షకులన్న ఉండాలె. నువ్వు పిల్లకు ఏమైతవమ్మా?" అని హెడ్మాస్టరు అడిగారు.

లతకు సంరక్షకురాలినని రాసి సంతకం పెట్టాను. బావను పెళ్లి చేసుకోను.