చీపురు పుల్లల బాణాలు

బిడ్డా శ్రావణీ,

సోమవారం. మంచిర్యాలలో పొద్దుటి నుంచి ముసురు. నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఫ్యాన్ విప్పి, దాని కెపాసిటర్‌ను బల్బుతో సిరీస్‌లో పెట్టి చూశాను. మీటర్ నువ్వు చదివేదానివి, ఇవాళ మీ అవ్వ చదివింది. బల్బు దగ్గర 138, కెపాసిటర్ దగ్గర 184 వోల్టులు.

"రెండు కలిపితే మూడొందలు దాటింది. ఇంటికొచ్చేది రెండొందల ముప్పయ్యేనాయె. మీటర్ ఖరాబైందా?" అంది.

పాలిటెక్నిక్ నుంచి వచ్చి నువ్వు నేర్పినట్టే, పది వోల్టులకు ఒక సెంటీమీటరు చొప్పున రెండు చీపురు పుల్లలు తుంచి, నేల బండ మూల దగ్గర ఒకదానికొకటి లంబంగా పెట్టాను.

"రెండూ ఒక్కసారే పెరగవు. ఊకె కూడొద్దు, గిట్ల బాణాలు పెట్టి కొలవాలె," అన్నాను. ఒక పుల్ల చివర నుంచి రెండోదాని చివరకు ఏటవాలుగా కొలిస్తే ఇరవై మూడు సెంటీమీటర్లు, అంటే 230 వోల్టులు.

అవ్వ వంగి, రెండు పుల్లలనూ వేలితో ముట్టి చూసింది.

"మల్లొకపారి చెప్పు. నా బిడ్డ ఎట్ల చెప్పేదో గట్లనే చెప్పు."

పుల్లలు తీసి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఫ్యాన్ ఇంకా బిగించలేదు.

మీ బాపు